చూరులో గ్లాసు, సర్వీస్ లిఫ్ట్... ఈ నెల మీ ఉత్తరాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకదానికొకటి చుట్టాల్లా ఉన్నాయి, రాసినవాళ్ళకి ఒకరికొకరు తెలీదు, అందరూ బెంగళూరులో ఉన్న మనవాళ్ళే. అందుకే వేరే ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి ఈ నాలుగే తీసుకున్నాను. మొదటిదానికి జవాబు పెద్దదైంది, తగ్గించాలని చూశాను గానీ మనసొప్పలేదు.

ప్రశ్న: అక్కా, మేము కుందలహళ్ళి దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, ఇద్దరం సాఫ్ట్‌వేరే. పాపకి ఆరేళ్ళు. బాబు పుట్టాక అత్తయ్యగారు ఊరి నుంచి వచ్చి మాతోనే ఉంటున్నారు, చాలా మంచావిడ, నన్ను కన్నకూతురిలా చూసుకుంటారు. కానీ వచ్చిన వారానికే మా ఇంట్లో పని చేసే ఆవిడకి కాఫీ గ్లాసు వేరే పెట్టారు, సింక్ కింద, ఫినాయిల్ సీసా పక్కన. అడిగితే శుభ్రం కోసం అమ్మా అన్నారు, నేనూ ఊరుకున్నా. మొన్న ఆదివారం నేనే కాఫీ కలిపి మామూలు గ్లాసులో పోసి ఇస్తుంటే పాప పరిగెత్తుకొచ్చి "అమ్మా అది కాదు, ఆంటీ గ్లాసు కింద ఉంది" అని తనే తీసి ఇచ్చింది. ఆవిడ నవ్వి తీసుకుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరూ నేర్పకుండా పిల్లకి ఇది ఎలా వచ్చింది? అత్తయ్యగారితో గొడవ పెట్టుకోవాలా?

జవాబు: ఎవరూ నేర్పలేదని ఎందుకనుకుంటున్నావమ్మా, ఆ సింక్ కింద గ్లాసు రోజూ నేర్పుతూనే ఉంది కదా. పిల్లలకి మనం చెప్పే మాటలు సగం ఎక్కవు, ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉంటుంది, ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరిని నువ్వు అంటాం ఎవరిని మీరు అంటాం, ఇవి మాత్రం ఒక్కసారి చూస్తే చాలు. నీ కూతురు ఆవిడని చులకన చేయాలని ఆ పని చేయలేదు, ఇంటి పద్ధతి తనకి తెలుసని చూపించుకోవాలనుకుంది, పెద్దదాన్నయ్యాను మెచ్చుకోండి అని.

నాకిది ఎలా తెలుసంటే నేనూ ఆ పిల్లనే. మాది హిందూపురం పక్కన పల్లె. మా అవ్వ ఇంటి వసారాలో చూరులో ఒక సత్తు గ్లాసు దోపి ఉండేది, అడుగున సొట్ట, అంచు దగ్గర నల్లబడి. మా చేలో జీతానికున్న మనిషి మధ్యాహ్నం వచ్చి ఆ గ్లాసు తనే తీసుకుని, తనే కడుక్కుని, రెండు చేతులతో ముందుకి చాచేవాడు, మా అవ్వ చెంబు పైకెత్తి ఇంత దూరం నుంచి మజ్జిగ పోసేది, ఒక్క చుక్క కూడా కింద పడేది కాదు, అంత అలవాటు. నాకు అయిదేళ్ళప్పుడు ఒకరోజు అవ్వ లోపల పనిలో ఉంటే నేనే చెంబు తీసుకుని, అలాగే పైకెత్తి, ఎవరూ చెప్పకుండానే దూరం నుంచి పోశాను. చేతులు చిన్నవి కదా, సగం ఆయన మోచేతుల మీద పడింది. అవ్వ చూసి "నా బంగారు తల్లీ, ఎంత పద్ధతిగా పోసిందో" అని అందరికీ చెప్పుకుని మురిసిపోయింది. ఆయన తడిసిన చేతులు పంచెకి తుడుచుకున్నాడు, నాకు అది ఇప్పటికీ కళ్ళముందే ఉంది. మా అవ్వ ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా గంజి కాచి పంపే మనిషి. చెడ్డ మనసుంటేనే ఇలాంటివి చేస్తారనుకుంటే మా అవ్వనీ మీ అత్తయ్యగారినీ మనం ఎప్పటికీ అర్థం చేసుకోలేం.

అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అని భార్యాభర్తలిద్దరూ మానసిక శాస్త్రవేత్తలు, నల్లజాతి వాళ్ళే. 1940ల్లో మూడు నుంచి ఏడేళ్ళ లోపు నల్లజాతి పిల్లల ముందు అన్ని రకాలా ఒకేలా ఉండి రంగు మాత్రం తేడా ఉన్న బొమ్మలు పెట్టి, వీటిలో మంచి బొమ్మేది, చెడ్డదేది, నీకు ఆడుకోవడానికి ఏది కావాలి అని అడిగారు. ఎక్కువమంది పిల్లలు తెల్ల బొమ్మే మంచిదన్నారు. తమ రంగు మీద తమకే చిన్నచూపు, అదీ మూడేళ్ళకి! ఆ పిల్లల్ని కూర్చోబెట్టి ఎవరూ పాఠం చెప్పి ఉండరు, వీధి చెప్పింది, బడి చెప్పింది, బస్సులో సీటు చెప్పింది. 1954లో అక్కడి సుప్రీంకోర్టు తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ వేరు వేరు స్కూళ్ళు చెల్లవని తీర్పు ఇచ్చినప్పుడు క్లార్క్ రాసినది కూడా అందులో ప్రస్తావించారు. నీ పాప అటు పక్క నుంచి ఇదే నేర్చుకుంటోంది, పని చేసే ఆవిడ పిల్లలు ఇటు పక్క నుంచి, అంటే మా అమ్మకి ఆ ఇంట్లో గ్లాసు వేరే అని. ఆ రెండోది నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఇక శుభ్రం మాట. మీ ఇంట్లో గ్లాసులన్నీ రోజూ తోమేది ఆవిడ చేతులే కదమ్మా, మీరు తాగే గ్లాసు కూడా! ఆ చేత్తో తోమిన గ్లాసులో మీరు తాగొచ్చు, ఆ చేత్తో పట్టుకుని ఆవిడ తాగితే మాత్రం మైల, ఇందులో శుభ్రం ఎక్కడుంది. చూరులో గ్లాసుకి పట్నంలో పెట్టుకున్న కొత్త పేరు శుభ్రం, అంతే. రాజ్యాంగం 17వ ఆర్టికల్ అంటరానితనాన్ని రద్దు చేసి 1950 నుంచి అమల్లో ఉంది, అయినా 2011-12లో దేశమంతా తిరిగి చేసిన మానవాభివృద్ధి సర్వేలో ఇళ్ళకి వెళ్ళి నేరుగా అడిగితే దాదాపు 27 శాతం కుటుంబాలు ఏదో ఒక రూపంలో పాటిస్తామని ఒప్పుకున్నాయి. ఒప్పుకున్నవాళ్ళే అంతమంది.

మీ అత్తయ్యగారితో గొడవ వద్దు, పాప ముందు అసలే వద్దు, అలా చేస్తే పాపకి గ్లాసు సంగతి గుర్తుండదు నాన్నమ్మని అమ్మ ఏడిపించింది అన్నదే గుర్తుంటుంది. ఇలా చెయ్యి. ఒకేలాంటి స్టీలు గ్లాసులు డజను కొను, పాత వరసలు మొత్తం తీసి పైన అటక మీద పెట్టెయ్, సింక్ కింద గ్లాసుతో సహా. ఆవిడ వచ్చే టైముకి ఇంట్లో అందరికీ ఒకేసారి కాఫీ కలుపు, ట్రేలో పెట్టు, ఎవరిది ఏది అని తెలీకూడదు. వీలైతే నువ్వూ ఆవిడా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని తాగండి, నిలబడి కాదు. అత్తయ్యగారు మొదటి వారం ముఖం ముడుచుకుంటారు, ముడుచుకోనీ. ఆవిడతో విడిగా, మెల్లగా ఒక్క మాట చెప్పు, "అత్తయ్యా, పాప స్కూల్లో ఇలాగే ఏదో అంటే మనకి మాటొస్తుంది" అని కాదు, అది భయం చెప్పడం, "అత్తయ్యా, ఆ గ్లాసు చూస్తే నాకు బాధగా ఉంది" అని, నిజం అదే కాబట్టి. మనసు మారితే అలవాటు మారుతుందని మనం కూర్చుంటాం గానీ నేను చూసినంతలో చాలామందికి ముందు అలవాటే మారింది. నేను అనంతపురంలో ట్రైనింగ్ కాలేజీ హాస్టల్లో చేరినప్పుడు అక్కడ నీళ్ళ డ్రమ్ముకి గొలుసుతో కట్టిన మగ్గు ఒక్కటే, నలభై మందికీ అదే. మొదటి రెండు రోజులు కుళాయి కింద దోసిలి పట్టి తాగాను. మూడో రోజు దాహం ముందు అవన్నీ నిలవలేదు. నెల తిరిగేసరికి ఆ మగ్గు నా ముందు ఎవరు తాగారన్న ఆలోచన కూడా పోయింది. ఆ హాస్టల్‌లో నాకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, ఉన్నది ఒక్క మగ్గు, అంతే.

పాపతో మాత్రం మాట్లాడు. తిట్టకుండా, "ఆంటీకి గ్లాసు వేరే పెట్టడం మనం చేసిన తప్పు, ఇక నుంచి పెట్టం" అని, "మనం" అన్న మాటే వాడు. తప్పు పెద్దవాళ్ళది కాబట్టి.

ప్రశ్న: మేడమ్, నా వయసు 71. ఇక్కడ ఒక పబ్లిక్ సెక్టార్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేసి రిటైర్ అయ్యాను, యలహంకలో ఉంటాను. నా పక్క మెషిన్ మీద ఒక ముస్లిం మిత్రుడు ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. క్యాంటీన్‌లో ఒకే టేబుల్, నా క్యారియర్‌లో పులిహోర అతనికి, రంజాన్‌కి అతను తెచ్చే సేమ్యా ఖీర్ నాకు. కానీ ఒక్కసారీ అతన్ని మా ఇంటికి పిలవలేదు, అతను పిలిస్తే నేనూ వెళ్ళలేదు, ఏదో సాకు చెప్పేవాణ్ణి. మొన్న ఏదో మాటల్లో మా అబ్బాయి "మీది ఫ్యాక్టరీ వరకే స్నేహం నాన్నా, నటన" అన్నాడు. నేను నటించలేదు మేడమ్. అది మాత్రం చెప్పండి, నేను నటించానా?

జవాబు: లేదు అన్నయ్యగారూ, మీరు నటించలేదు. ఇది మీకొక్కరికే జరిగిందీ కాదు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో మెక్‌డొవెల్ కౌంటీ అని బొగ్గు గనుల ప్రాంతం ఉంది, అక్కడి గని కార్మికుల మీద రాల్ఫ్ మైనార్డ్ అనే ఆయన 1952లో ఒక వ్యాసం రాశాడు. గని లోపల తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ భుజం భుజం కలిపి పని చేసేవాళ్ళు, కప్పు కూలితే ఇద్దరూ పోవాల్సిందే కాబట్టి ఒకరి ప్రాణం ఒకరి చేతిలో. షిఫ్టు అయిపోయి పైకి వచ్చి మసి కడుక్కోగానే ఎవరి వీధి వాళ్ళది, ఎవరి ఇల్లు వాళ్ళది, పలకరింపు కూడా మారిపోయేది. ఆయన అంచనా ప్రకారం తెల్లవాళ్ళలో అయిదో వంతు లోపలా బయటా స్నేహంగానే ఉన్నారు, ఇంకో అయిదో వంతు రెండు చోట్లా దూరం పెట్టారు, మిగిలిన అరవై శాతం మాత్రం గని లోపల ఒకలా, పైకి వచ్చాక ఇంకోలా. మనుషులు వాళ్ళే, నిలబడ్డ చోటు మారింది, ఆ చోట చుట్టూ ఉన్నవాళ్ళు ఏమనుకుంటారో అది మారింది. మీ ఫ్యాక్టరీ సైరన్ అలాంటిదే, లోపల పద్ధతి ఒకటి, గేటు దాటాక మీ వీధి, మీ చుట్టాలు, వ్రతాలు, ఇంట్లోవాళ్ళ ముఖాలు. మీరు లోపల చూపించింది నిజమే, బయట జంకిందీ నిజమే.

కానీ మీ అబ్బాయి మాటలో కూడా నిజం ఉంది అన్నయ్యగారూ, అది దాటేసి మీకు ఓదార్పు చెప్పలేను. ఆ మిత్రుడు ప్రతిసారీ పిలిచాడు, మీరు ప్రతిసారీ సాకు చెప్పారు, ఇరవై రెండేళ్ళలో ఆయనకి ఆ సాకులు అర్థం కాకుండా ఉండవు, అయినా మళ్ళీ రంజాన్‌కి మీ కోసం డబ్బా తెచ్చాడు. ఆయన నంబరు మీ దగ్గర ఉండే ఉంటుంది. ఇప్పుడు గేటూ లేదు సైరనూ లేదు, మిమ్మల్ని అనడానికి పెద్దవాళ్ళూ ఎవరూ మిగిలి ఉండరు. పండగ దాకా ఆగకండి, పండగకి పిలిస్తే అది మర్యాద అయిపోతుంది, మామూలు మంగళవారం నాడు భోజనానికి పిలవండి, పులిహోర చేయించండి. మీ అబ్బాయిని కూడా కూర్చోమనండి.

ప్రశ్న: అక్కా మాది ప్రొద్దుటూరు, బీటీఎం లేఔట్‌లో పీజీలో ఉంటున్నా. ఆఫీసులో మన తెలుగువాళ్ళే, కోస్తా వాళ్ళు, మాది కడప జిల్లా అంటే చాలు "అమ్మో బాంబులేస్తావా, మీ ఇంట్లో ఎన్ని సుమోలు" అని ఒకటే నవ్వులు. హిందీవాళ్ళు మా అందర్నీ కలిపి గుల్టి అంటారు. నవ్వేసి ఊరుకుంటున్నా గానీ లోపల మండుతోంది. ఇంక పీజీలో మణిపూర్ అమ్మాయి ఒకతి, ఏదో ఎండు చేప వండుతుంది, ఆ కంపుకి మేమందరం కలిసి ఓనర్ ఆంటీకి చెప్పి వంటగది వాడకుండా ఆపించాం. ఆఫీసులో వీళ్ళని ఎలా ఎదుర్కోవాలో చెప్పండి.

జవాబు: తల్లీ, నేనూ సీమదాన్నే, ఆ సుమో మాటలు నా మీదా పడ్డాయి. తొంభైల చివర్నుంచి పదేళ్ళకి పైగా వరసబెట్టి ఫ్యాక్షన్ సినిమాలొచ్చాయి, వాటిలో మన యాస మాట్లాడేవాడి చేతిలో కొడవలి లేకపోతే సీనే లేదు. కడప ఎప్పుడూ చూడనివాడికి కడప అంటే అదే. కరువుకి వలసపోయిన ఊళ్ళు, నీళ్ళ కోసం వెయ్యి అడుగులు బోరేసి అప్పులపాలైన రైతులు, ఇవి ఏ జోకులోనూ ఉండవు. నవ్వి ఊరుకోకు. ఒక్కసారి, నలుగురి ముందే, గొంతు పెంచకుండా "నాకు ఇది నచ్చదు, ఆపండి" అను. వాళ్ళలో ఒకరిద్దరికైనా లోపల ఇబ్బందిగానే ఉంటుంది, ఎవరో ఒకరు మొదట అనాలని చూస్తుంటారు.

కానీ నీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆఫీసు సంగతి కాదు, ఆ ఎండు చేప. మన ఇళ్ళల్లో ఎండు చేపలు వేయిస్తే ఇంటిముందు పోయేవాళ్ళు ముక్కు మూసుకోరా, మనకి అది కమ్మగా ఉంటుంది, అమ్మ గుర్తొస్తుంది. ఆ పిల్లకీ అంతే కదమ్మా. నిన్ను గుల్టి అన్నవాళ్ళకీ నీకూ మధ్య తేడా ఏముందో ఒక్క నిమిషం ఆలోచించు. వాళ్ళు మాటతో ఆగారు, మీరు పొయ్యి ఆపించారు.

నువ్వు అప్పుడు చిన్నపిల్లవి కాబట్టి తెలిసి ఉండదు. 2012 ఆగస్టులో ఈ ఊళ్ళోనే, ఈశాన్యం వాళ్ళ మీద దాడులు జరుగుతాయని ఫోన్లలో పుకార్లు పాకి, రెండు మూడు రోజుల్లో వేలమంది రైల్వే స్టేషన్‌కి పరిగెత్తారు, గువాహటికి స్పెషల్ రైళ్ళు వెయ్యాల్సి వచ్చింది, గవర్నమెంట్ దేశమంతా గుంపుగా ఎస్సెమ్మెస్‌లు పంపడం ఆపేసి రోజుకి అయిదే అని పరిమితి పెట్టింది. ఉత్త పుకారుకి అంతమంది ఎందుకు నమ్మి పారిపోయారని అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. నాకు ఆశ్చర్యం అనిపించలేదు. రోజూ వీధిలో వినే మాటలు, ఇల్లు అద్దెకి అడిగితే తలుపు వేసెయ్యడాలు, వంటగదిలో ఇలాంటి కంప్లైంట్లు, ఇవన్నీ ముందే ఉన్నాయి కాబట్టే ఆ పుకారు వాళ్ళకి నమ్మదగ్గదిగా కనబడింది. ఓనర్ ఆంటీ దగ్గరికి మీరందరూ కలిసే వెళ్ళారు కదా, మళ్ళీ అందరూ కలిసే వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకోండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించమని అడగండి, అది న్యాయమైన కోరిక.

ప్రశ్న: నమస్తే అమ్మా. సర్జాపూర్ రోడ్డులో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీని. పనివాళ్ళకి సర్వీస్ లిఫ్ట్ మాత్రమే అని బోర్డు ఉంది, కొందరు రెసిడెంట్లు తీసేయమంటున్నారు, కొందరు ఉండాలంటున్నారు. మేము ఏటా జనవరి 26కి సెక్యూరిటీ వాళ్ళనీ హౌస్‌కీపింగ్ వాళ్ళనీ పిలిచి స్టేజీ మీద శాలువాలు కప్పుతాం, రెసిడెంట్స్‌కీ స్టాఫ్‌కీ క్రికెట్ మ్యాచ్ పెడతాం. కలుపుకుపోవడానికి ఇవి చాలవా?

జవాబు: శాలువా కప్పడం మంచిదే బాబూ, కానీ అది కప్పేవాడెవరో కప్పించుకునేవాడెవరో ఇంకోసారి అందరికీ చూపిస్తుంది. ఊరికే ఒకచోటికి చేరితే సరిపోదని గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మానసిక శాస్త్రవేత్త 1954లోనే రాశాడు. కలిసిన చోట ఇద్దరూ సమానంగా ఉండాలి, ఇద్దరూ కలిసి సాధించాల్సిన పని ఒకటి ఉండాలి, పైనున్నవాళ్ళ మద్దతు ఉండాలి, అప్పుడే చిన్నచూపు తగ్గుతుందన్నాడు. మీ క్రికెట్ సంగతికి సరిగ్గా సరిపోయేది మన దేశంలోనే జరిగింది. మాట్ లోవ్ అనే ఆర్థికవేత్త 2017లో ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 1,261 మంది కుర్రాళ్ళని ఎంచుకుని వాళ్ళలో కొందరితో క్రికెట్ లీగ్ నడిపాడు, కొన్ని టీములు ఒకే కులం వాళ్ళతో, కొన్ని కలగలుపుగా, ఎవరు ఎందులో పడతారన్నది లాటరీ. ఒకే టీములో ఆడినవాళ్ళకి వేరే కులాల్లో స్నేహితులు పెరిగారు. ఎదురు టీములుగా తలపడినవాళ్ళకి ఆ మేలు జరగలేదు. మీరు పెడుతున్నది రెసిడెంట్స్ వర్సెస్ స్టాఫ్, అంటే ఉన్న గీత మీదే ఇంకోసారి సున్నం వేస్తున్నారు.

ఈ జనవరికి బ్లాకుల వారీగా టీములు చెయ్యండి, ఏ బ్లాకు వాచ్‌మన్ ఆ బ్లాకు టీములోనే, బౌలింగ్ బాగా వేస్తే ఆయనే కెప్టెన్. సెక్యూరిటీ వాళ్ళ పిల్లలు సాయంత్రాలు గేటు దగ్గర నిలబడి మీ పిల్లల కోచింగ్ చూస్తుంటారు, నేను వెళ్ళిన ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ చూశాను, ముఖ్యంగా ఆదివారాలు. వాళ్ళని లోపలికి రానివ్వండి, ఫీజు అసోసియేషన్ కట్టాలి. ఢిల్లీలో 2007 నుంచి పెద్ద ప్రైవేట్ స్కూళ్ళలో పేద పిల్లలకి సీట్లు ఇప్పించాక, వాళ్ళతో కలిసి చదివిన డబ్బున్న ఇళ్ళ పిల్లల్ని గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త పరిశీలించాడు. పేద పిల్లల్ని దూరం పెట్టడం వాళ్ళలో తగ్గింది, పక్కవాడికి ఇచ్చే గుణం పెరిగింది. చదువులు పాడైపోతాయని తల్లిదండ్రులు భయపడ్డంత ఏమీ జరగలేదు.

బోర్డు విషయం ఓటింగ్‌కి పెట్టకండి. చెత్త డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు, ఫర్నిచర్ సర్వీస్ లిఫ్ట్‌లో వెళ్ళాలని రాయండి, అది ఎవరు మోస్తున్నా సరే, రెసిడెంట్ అయినా. మనుషుల గురించి ఉన్న లైను తీసెయ్యండి. నాలుగు స్క్రూలే కదా, రేపు పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు చెప్తే అయిపోతుంది. వాట్సాప్ గ్రూప్‌లో రెండు రోజులు గోల ఉంటుంది. మూడో రోజుకి నీళ్ళ ట్యాంకర్ గొడవ వస్తుంది.